ఎడమ మెలిక

సోమవారం పొద్దున్న మిషను గదిలోకి రమ్మని కబురు వచ్చేసరికి ఉప్పక్క త్రాసు ముందు ఊపిరి బిగబట్టి కూర్చుని ఉంది. త్రాసు గాజు తలుపు తెరిచి ఉన్నంతసేపూ ఆమె ఊపిరి వదలదు. ఊపిరి తగిలినా ముల్లు కదులుతుందని చేరిన కొత్తలో ఎవరో చెప్పారు. ఇరవయ్యారేళ్ళు గడిచినా ఆ మాట జవదాటలేదు. చెంచా కొసన మిగిలిన నాలుగు పలుకుల్ని చూపుడువేలితో తట్టి పళ్ళెంలో రాలనిచ్చి, ముల్లు నిలబడేదాకా చూసి, తలుపు మూసి, అంకె రిజిస్టరులో రాసి, కింద పొట్టి సంతకం పెట్టి, అప్పుడు గాని లేవలేదు.

ఆ ల్యాబులో ఎవరికి ఏ ప్రయోగానికి ఉప్పునీళ్ళు కావాలన్నా ఆమె చేతిమీదుగా రావలసిందే. ఆరబెట్టిన ఉప్పుని తూచి, మరిగించి చల్లార్చిన నీళ్ళలో కరిగించి, ఫ్లాస్కు మెడ మీద గీత దాకా చుక్కచుక్కగా నింపి, సీసాలకెత్తి చీటీ అంటిస్తుంది. అందుకే ప్రొఫెసర్ల దగ్గర్నుంచి ఊడ్చే మనిషి దాకా అందరికీ ఆమె ఉప్పక్కే. అసలు పేరు హాజరు పట్టీలో తప్ప ఎక్కడా వినపడదు.

మిషను గదిలో ప్రొఫెసరుగారు నిలబడి ఉన్నారు. ఆయన నిలబడి ఉన్నారంటే విషయం కూర్చుని మాట్లాడుకునేది కాదన్నమాట. పక్కన ఆయన దగ్గర పరిశోధన చేస్తున్న అమ్మాయి తల వంచుకుని ఉంది. ముడిలో ఎప్పుడూ ఒక పెన్సిలు గుచ్చుకుని తిరుగుతుంది కాబట్టి ఆమెని పెన్సిలమ్మాయి అంటారు. బల్ల మీద, డీఎన్ఏలోంచి కాంతి పంపి దాని మెలిక ఎటు తిరిగిందో చూసే మిషను కలం గీసిన గళ్ళ కాగితం పరిచి ఉంది.

"ఇది చూడండమ్మా. ఇది ఎలా ఉండాలో మీకు తెలుసు కదా?" అన్నారు ప్రొఫెసరుగారు.

చదువుకున్నది పదో తరగతే అయినా ఉప్పక్కకి ఆ గీతలు కొత్తకాదు. "ముందు గుట్ట, తరవాత లోయ సార్."

"ఇక్కడ?"

"ముందు లోయ ఉంది. గుట్ట తరవాత వచ్చింది."

"తలకిందులైంది. తక్కువ ఉప్పు వేసినప్పుడు సరిగ్గానే వచ్చింది. మీ అయిదో నంబరు సీసాలోంచి ఎక్కువ ఉప్పు కలిపితేనే ఇలా అయింది. ఆ సీసాలో ఉప్పే ఉందంటారా?"

"నేనే తూచాను సార్."

"మీరు తూచారనే అడుగుతున్నాను." ఆయన గొంతు పెంచలేదు. ఆ ల్యాబులో ఆయన గొంతు పెంచగా విన్నవాళ్ళు లేరు. "చూడండి, రెండిట్లో ఒకటే. మీ సీసా అన్నా తప్పయి ఉండాలి, ఈ అమ్మాయి చెయ్యన్నా తప్పయి ఉండాలి. మెలిక తప్పు చెయ్యదు కదా."

ఉప్పక్క పెన్సిలమ్మాయి వైపు చూసింది. అమ్మాయి కాగితం అంచుని వేలితో నిమురుతూ, "నేను అన్నీ మూడేసిసార్లు కడిగాను సార్," అంది. చాలా మెల్లిగా అంది. కాని ఆ మాటతో ఇద్దరిలో ఒకరు తప్పుకున్నారు. ఒకరే మిగిలారు.

"శుక్రవారం ఈ అమ్మాయి పని చూడ్డానికి కమిటీ వస్తోంది," అన్నారు ప్రొఫెసరుగారు. "ఈ కాగితాన్ని పక్కన పెట్టాలంటే ఏదో ఒక కారణం చూపించాలి. ఆ సీసా ఎదురుగా రిజిస్టరులో 'తూకంలో పొరపాటు' అని రాసి సంతకం పెట్టండి. గురువారం నుంచి కడుగుడు గది చూసుకోండి. ఇందులో చిన్నతనం ఏమీ లేదు. వయసు పైబడ్డాక ఎవరికైనా వచ్చేదే."

"ఇంకోసారి తూచి చూసి రాస్తాను సార్."

"ఎన్నిసార్లు తూచినా ఉప్పు ఉప్పే కదమ్మా," అని ఆయన వెళ్ళిపోయారు.

ఆ సాయంత్రం ఇంటికి వచ్చి చెప్పులు విప్పుతూనే మొగుడికి సంగతంతా చెప్పింది. అతను ఇంటి ముందు గదిలోనే సైకిళ్ళు బాగుచేస్తాడు. తలకిందులుగా నిలబెట్టిన సైకిలు చక్రాన్ని తిప్పుతూ, ఊచల చప్పుడు వింటూ, ఆమె చెప్పిందంతా విన్నాడు.

"ఊరందరికీ నువ్వు ఉప్పక్కవి. మన కూరలో మాత్రం ఇరవయ్యారేళ్ళుగా ఉప్పు తక్కువే. నీ చేతికి ఎక్కువెయ్యడం రాదని నేను కోర్టులో అయినా చెప్తాను," అన్నాడు.

ఇంకో రోజయితే నవ్వేదే. "నిజంగానే పొరపాటు పడ్డానేమోనండీ. ఆ రోజు పొద్దున్న ఎవరో పిలిస్తే మధ్యలో లేచినట్టు గుర్తు."

"లేచావా?"

"లేచానో లేదో తెలియడం లేదు. అదే నా భయం."

అతను చక్రం ఆపాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఆమె నోట తెలియడం లేదు అన్న మాట తూకం విషయంలో వినలేదు. "అయితే రేపు తెల్లారగానే వెళ్ళి తూచుకో. సంతకం ఎక్కడికీ పారిపోదు," అన్నాడు.

మంగళవారం ఆమె వెళ్ళేసరికి ల్యాబు తాళం తీసే ఉంది. పెన్సిలమ్మాయి ముందే వచ్చి మిషను గదిలో స్టూలు మీద కూర్చుంది. కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"అక్కా, నిన్న నేను నోరు మూసుకుని ఉండాల్సింది."

"నోరు మూసుకున్నా నా మీదకే వచ్చేదిలే. లే, పని చూద్దాం."

ఉప్పక్క పాత డబ్బా ముట్టుకోలేదు. అటక మీంచి సీలు విప్పని కొత్త డబ్బా దింపి, అమ్మాయి చేతే సీలు చింపించింది. లీటరుకి రెండు వందల తొంభై రెండు పాయింట్ రెండు గ్రాములు. తూచేటప్పుడు అంకె పైకి చదివింది. అమ్మాయి కూడా వంగి చూసి అదే అంకె చదివింది. ఇద్దరూ చెరో సంతకం పెట్టారు. ఉప్పు కరగడానికి చాలాసేపు పట్టింది. ఉప్పక్క ఫ్లాస్కుని అరచేతుల మధ్య పెట్టుకుని, పసిబిడ్డ తలని పట్టుకున్నట్టు పట్టుకుని, గుండ్రంగా తిప్పుతూనే ఉంది. అడుగున చివరి పలుకు కనబడకుండా పోయాక గీత దాకా నీళ్ళు నింపింది.

క్యూవెట్ అనే చిన్న చదరపు గాజు గొట్టాన్ని అమ్మాయి కడిగింది. ఉప్పక్క పక్కనే నిలబడి చూసింది. అందులో డీఎన్ఏ నీళ్ళు పోసి, ఉప్పునీళ్ళు కొంచెం కొంచెంగా పెంచుకుంటూ, ప్రతిసారీ పది నిమిషాలు ఆగి, మిషనులో పెట్టారు. ఉప్పు గాఢత ఒకటి దగ్గర గుట్ట, లోయ. రెండు దగ్గర గుట్ట, లోయ. రెండున్నర దాటేసరికి గుట్ట కుంగింది. నాలుగు దగ్గర కలం ముందు కిందికి దిగి, తరవాత పైకి ఎక్కింది. నిన్నటి గీత మీద కాగితం పెట్టి దిద్దినట్టు వచ్చింది.

ఉప్పక్క చాలాసేపటి నుంచి బిగబట్టిన ఊపిరి వదిలింది. "నా ఉప్పు మంచిదే."

"నా చెయ్యీ మంచిదే," అంది పెన్సిలమ్మాయి. "మరి ఇదేంటక్కా?"

"ఇప్పుడు దాన్ని మళ్ళీ పలచన చెయ్యి. విరిగిపోయిన పాలయితే నీళ్ళు పోసినా పాలు కావు కదా. చూద్దాం."

నీళ్ళు కలిపి పది నిమిషాలు ఆగారు. కలం కాగితం మీద మెల్లిగా కదిలింది. ముందు గుట్ట, తరవాత లోయ. గీత కొంచెం బలహీనంగా ఉంది గాని, ఏమీ జరగనట్టే వచ్చింది. అమ్మాయి స్టూలు కోసం చేత్తో వెతుక్కుని కూర్చుంది.

"విరగలేదు, పాడవలేదు. అదే మనిషి," అంది ఉప్పక్క.

అమ్మాయి ముడిలోంచి పెన్సిలు లాగి, కాగితం వెనక బొమ్మ గీస్తూ చెప్పింది. డీఎన్ఏ అంటే రెండు పోగులు ఒకదాన్నొకటి పెనవేసుకున్న తాడులాంటిది. తడి తగ్గితే ఆ తాడు పొట్టిగా, బొద్దుగా అవుతుంది. తడి పెరిగితే సన్నగా సాగుతుంది. అక్కడి దాకా అందరూ ఒప్పుకున్నదే. కాని ఎలా మారినా మెలిక మాత్రం కుడికే తిరుగుతుందని పుస్తకాలన్నీ చెబుతాయి. "మనం వాడుతున్నది రెండే అక్షరాలు మార్చి మార్చి కట్టిన డీఎన్ఏ. ఉప్పు బాగా ఎక్కువైతే ఇది మొత్తం ఎడమకి తిరుగుతోందేమో అక్కా. అందుకే కాంతి గీత తలకిందులవుతోందేమో."

"ఏమో ఏంటి, చూశాం కదా."

"మనం చూశాం. సార్ చూడాలి కదా. కొత్త డబ్బా కూడా ఆ కంపెనీదే అంటారు, డీఎన్ఏ ఒకే సీసాలోది అంటారు. వేరే ఉప్పుతో, వేరే సరుకుతో ఇంతకుముందు ఎవరికైనా ఇలా వచ్చిందని చూపించగలిగితే ఆయన ఇంకేం అనలేరు."

"పాత రిజిస్టర్లన్నీ స్టోరులో ఉన్నాయి. రేపు తీస్తాను," అంది ఉప్పక్క. ఆమెకి ఒంట్లో నుంచి బరువు దిగినట్టుంది.

ఇంటికి వెళ్ళి ఎడమ మెలిక సంగతి మొగుడికి చెప్పింది. అతను ఆమెని సైకిలు దగ్గర కూర్చోబెట్టి రెండు పెడళ్ళూ విప్పి చూపించాడు. కుడి పెడలు మర అందరికీ తెలిసినట్టే తిరిగింది. ఎడమది దానికి ఎదురు తిరిగింది.

"ఇలా ఎందుకు పెట్టారు?"

"తొక్కుతుంటే ఊడిపోకుండా. కొత్తగా పనిలో చేరినవాడు ఇది తెలియక బలంకొద్దీ తిప్పి పాడుచేస్తాడు. పైగా పెడలే బాగోలేదంటాడు." నూనె చేతులు గుడ్డకి తుడుచుకుంటూ అతను నవ్వాడు. ఈసారి ఆమె కూడా నవ్వింది.

బుధవారం మధ్యాహ్నం దాకా స్టోరు గదిలోనే ఉంది. రిజిస్టర్ల మీద దుమ్ము గోరంత మందాన పేరుకుంది. ఎక్కువ ఉప్పుతో ఎవరు ఏం చేశారో ఒక్కొక్క పేజీ వేలితో చూసుకుంటూ వచ్చింది. తన అక్షరాలే అన్నీ. మొదట్లో గుండ్రంగా ఉండేవి, రాను రాను వాలిపోయాయి. తొమ్మిదేళ్ళ కిందటి రిజిస్టరులో ఒకచోట పేజీకి మడిచి అతికించిన గళ్ళ కాగితం కనిపించింది. మడత విప్పింది.

ముందు లోయ, తరవాత గుట్ట.

దొరికిందన్న సంతోషం ఒక్క క్షణమే నిలిచింది. గీత మీద అడ్డంగా ఎర్ర సిరాతో 'చెల్లదు' అని ప్రొఫెసరుగారి అక్షరాలు ఉన్నాయి. కింద నీలం సిరాతో మూడు వాక్యాలు ఉన్నాయి.

'ద్రావణం సరైనదే. మళ్ళీ తూచి చూశాను. క్యూవెట్ కడగడంలో లోపం.'

దాని కింద పొట్టి సంతకం. తనదే.

ఉప్పక్క అక్కడే ఒక చెక్కపెట్టె మీద కూర్చుండిపోయింది. గది తలుపుకి తల తగులుతుందని ఎప్పుడూ వంగి వచ్చే ఒక పొడుగాటి కుర్రవాడు గుర్తొచ్చాడు. పొడుగాయన అనేవారు. 'అక్కా, ఒక్కసారి మళ్ళీ తూస్తారా, నాకోసం?' అని అతను అడిగిన తీరు గుర్తొచ్చింది. అతను బతిమాలినట్టే అడిగాడు. తనకే అది అనుమానంలా వినిపించి ఒళ్ళు మండింది. ఆ రోజు కూడా ప్రొఫెసరుగారు రెండిట్లో ఒకటేనమ్మా అన్నారు. రెండో మాట లేకుండా తను కలం తీసుకుంది.

మళ్ళీ తూచలేదు. అతను కడుగుతుంటే చూడనూ లేదు. మూడు వాక్యాల్లో ఒక్కటే నిజం.

ఆ తరవాత నెల తిరక్కుండానే అతని బల్ల ఖాళీ అయింది. ఆ బల్ల మీదే ఇప్పుడు తను సీసాలు ఆరబెడుతోంది.

పెన్సిలమ్మాయి ఆమెని వెతుక్కుంటూ వచ్చి, కాగితం చూసి, ముఖం వెలిగిపోగా, "అక్కా, ఇది చాలు. ఇంకేం అక్కర్లేదు," అంది. తరవాత నీలం సిరా చదివింది. మళ్ళీ చదివింది. సోమవారం నాడు తను అన్న ఒక్క మాట ఆమెకీ గుర్తొచ్చినట్టుంది. వచ్చి పెట్టె మీద పక్కనే కూర్చుంది.

"ఇది చూపిస్తే మీ మాట కూడా బయటపడుతుంది," అంది చివరికి.

"చూపించకపోతే?"

"నిన్నటి గీతతోనే ప్రయత్నిద్దాం. ఆలస్యమైనా ఎప్పటికో ఒప్పుకుంటారు."

"ఎప్పటికో అంటే? ఆ అబ్బాయికి ఇప్పటికే తొమ్మిదేళ్ళు పోయాయి," అంది ఉప్పక్క. రిజిస్టరు చంకలో పెట్టుకుని లేచింది.

ప్రొఫెసరుగారు రెండు కాగితాలూ పక్కపక్కనే పెట్టి చూశారు. పాత గీతని కొత్త గీత మీద పెట్టి, కిటికీ వెలుతురుకి ఎత్తి చూశారు. కళ్ళజోడు తీసి బల్ల మీద పెట్టారు. ఆయన ముఖం ఒక్కసారిగా ముసలిదైనట్టు ఉప్పక్కకి తోచింది.

"నీళ్ళు కలిపితే వెనక్కి వచ్చిందా?"

"వచ్చింది సార్," అంది పెన్సిలమ్మాయి.

"ఊ." ఆయన కళ్ళజోడు మళ్ళీ పెట్టుకున్నారు. తరవాత మామూలు గొంతుతో, "శుక్రవారం కమిటీకి కొత్త గీత చూపిద్దాం. మంచి పని చేశావు," అని అమ్మాయితో అన్నారు. ఉప్పక్క వైపు తిరిగి, "మీరు తూకం దగ్గరే ఉండండి. ఏ సంతకమూ అక్కర్లేదు. నేను తొందరపడ్డాను," అన్నారు.

ఇరవయ్యారేళ్ళలో ఆయన అలాంటి మాట అనడం ఆమె వినలేదు. రెండు రోజుల కిందట ఆ మాట కోసం ఆమె ఏమైనా ఇచ్చి ఉండేది.

"మరి ఆ పొడుగబ్బాయి సార్?"

ఆయన పాత కాగితాన్ని మెల్లిగా మడిచారు. "ఆ గీత ఒక్కసారే గీసినది. ఒక్కసారి వచ్చినదాన్ని ఏ శాస్త్రమూ ఒప్పుకోదు."

"రెండోసారి గియ్యనివ్వలేదు కదా సార్."

"మనం అప్పుడు మనకి తెలిసినదాన్ని బట్టి చేశాం. నేనూ, మీరూ." మీరూ అన్నప్పుడు ఆయన గొంతులో బెదిరింపు లేదు. ఒకే పడవలో ఉన్న మనిషితో అన్నట్టు అన్నారు. అదే ఆమెకి ఎక్కువ తగిలింది. "అతను ఎప్పుడో వెళ్ళిపోయాడు. ఇప్పుడు ఈ కాగితం ఎవరికీ ఉపయోగం లేదమ్మా." సొరుగు లాగి కాగితం అందులో పెట్టారు.

ఉప్పక్క కదల్లేదు. చెయ్యి చాపింది. "అది నా రిజిస్టరులోది సార్. నేను అతికించుకోవాలి."

ఆయన ఆ చేతి వైపు చూశారు. ఉప్పుకి వేళ్ళ కొసలు తెల్లగా పగిలిన చెయ్యి అది. చెయ్యి చాపే ఉంది. కొంచెంసేపు పోయాక ఆయన సొరుగు మళ్ళీ తెరిచారు.

తన బల్ల దగ్గరికి వచ్చి ఆమె కాగితాన్ని ఎక్కడ ఉన్నదో అక్కడే మళ్ళీ అతికించింది. జిగురు ఆరేదాకా కాగితం మీద బరువు పెట్టింది. తరవాత కలం తీసుకుని, పాత నీలం సిరా కింద మిగిలిన చోట్లో ఒక్కొక్క అక్షరమే రాసింది.

'పై మాటల్లో రెండు అబద్ధం. మళ్ళీ తూచలేదు. కడగడం నేను చూడలేదు. ఈ గీత సరైనదే.'

తేదీ వేసి, పొట్టి సంతకం కాకుండా పూర్తి పేరు రాసింది. ఆ పేరు అంత పొడుగుందని పెన్సిలమ్మాయికి అప్పటిదాకా తెలియదు.

పొడుగాయన ఎక్కడున్నాడో ఆఫీసు గుమాస్తాకి తెలుసు. ఊరి చివర పాల ఫ్యాక్టరీలో పాలు పరీక్ష చేస్తాడట. గురువారం పొద్దున్న ఉప్పక్క సెలవు చీటీ రాసి, రిజిస్టరు గుడ్డసంచిలో పెట్టుకుని బస్సెక్కింది. రిజిస్టర్లు బయటికి తీసుకెళ్ళకూడదని రూలు ఉంది. ఆ రూలు రిజిస్టర్ల అట్టల మీద రాసింది కూడా ఆమే.

ఫ్యాక్టరీ వెనకవైపు పాల ట్యాంకర్లు వరసగా నిలబడి ఉన్నాయి. రేకుల కప్పు కింద పొడుగాటి బల్ల ముందు తెల్లకోటు తొడుక్కుని అతను నిలబడి ఉన్నాడు. జుట్టు పలచబడింది. భుజాలు వంగాయి. ఒక డ్రైవరుతో మాట్లాడుతూ పనిలో ఉన్నాడు. ఉప్పక్క గోడవారగా ఉన్న బెంచీ మీద కూర్చుని చూసింది.

ట్యాంకరు మూతలోంచి పొడుగు కాడ గరిటెతో పాలు తోడి, నమూనా సీసాలో పోసి, వాసన చూసి, తేలే గొట్టం వేసి అంకె చదివి, పలక మీద రాస్తున్నాడు. అయిన సీసాని కొళాయి కింద కడుగుతున్నాడు. కొళాయి పైన గోడ మీద పెద్ద అక్షరాలతో 'సీసాలు రెండుసార్లు కడగవలెను' అని రాసి ఉంది. అతను నాలుగుసార్లు కడుగుతున్నాడు. ప్రతిసారీ నీళ్ళు నింపి, మూతిని అరచేత్తో మూసి, ఊపి, పారబోసి, వెలుతురుకి ఎత్తి చూసి, మళ్ళీ నింపుతున్నాడు. మొదటి సీసాకి యథాలాపంగా కడిగాడనుకుంది. రెండో సీసాకి లెక్కపెట్టింది. మూడోదానికీ నాలుగే.

"సారు సీసాలకి తలంటు పోస్తున్నారు. మా పాలు ఇక్కడే తోడుకుంటాయి," అన్నాడు ఒక డ్రైవరు. మిగతావాళ్ళు నవ్వారు. అది రోజూ వేసే వేళాకోళమేనని వాళ్ళ నవ్వులోనే తెలుస్తోంది. అతను కూడా కొంచెం నవ్వాడు, చెయ్యి ఆపకుండానే.

ఉప్పక్కకి లేచి వెళ్ళిపోవాలనిపించింది. సంచి పట్టుకుని లేచింది కూడా. అప్పుడే అతను తలెత్తి చూశాడు.

"అక్కా. మీరేంటి ఇక్కడ?"

చేతులు తుడుచుకుని స్టూలు తెచ్చి వేశాడు. తాగడానికి నీళ్ళిచ్చాడు. పిల్లలున్నారా అంటే ఇద్దరన్నాడు. మీ మోకాళ్ళు ఎలా ఉన్నాయి, ఇంకా మెట్లెక్కుతున్నారా అని అడిగాడు. తన మోకాళ్ళ సంగతి అతనికి ఇంకా గుర్తుంది. ఆమె సంచిలోంచి రిజిస్టరు తీసి, పేజీ తెరిచి, మడత విప్పి, బల్ల మీద పెట్టింది.

అతను ముట్టుకోలేదు. వంగి చూశాడు. కింద కొత్తగా రాసిన నాలుగు మాటల దగ్గర అతని కళ్ళు ఆగాయి.

"మొన్న ఒక అమ్మాయికి ఇలాగే వచ్చింది," అంది ఉప్పక్క. "కొత్త ఉప్పుతో చేశాం. మళ్ళీ వచ్చింది. అది ఎడమకి తిరుగుతోందట. నీ గీత నిజం నాయనా. ఆ రోజు నువ్వు అడిగితే నేను తూచలేదు. తూచానని రాశాను. నువ్వు కడగడం నేను చూడనే లేదు. సరిగ్గా కడగలేదని రాశాను."

అతను నీలం సిరా వాక్యాలు ఇంకోసారి చదివాడు.

"నేను బాగానే కడిగాననుకున్నాను అప్పుడు," అన్నాడు అతను మెల్లిగా. "కొన్నాళ్ళు కోపం వచ్చేది. తరవాత తరవాత, ఏమో, కడగలేదేమో అనిపించడం మొదలైంది. మీరు రాశారు కదా. మీరు చూడకుండా రాయరు కదా అనుకున్నాను."

తిడతాడని సిద్ధపడి వచ్చింది. తిట్టి ఉంటే మోయగలిగేది. ఆమె కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఆ అమ్మాయి తన పరిశోధన పుస్తకంలో నీ పేరు, తేదీ రాస్తానంది. మొదట చూసింది నువ్వేనని," అంది కొంచెం తేరుకుని. "సార్ కొట్టేస్తారేమో తెలియదు. ఇందులో మాత్రం ఎవరూ కొట్టెయ్యలేరు. ఇది నా దగ్గరే ఉంటుంది."

అతను తలూపాడు. అది సరేనన్నట్టూ లేదు, వద్దన్నట్టూ లేదు. ఒక డ్రైవరు కేకేస్తే వెళ్ళి పాలు తోడి, అంకె చదివి, పలక మీద రాసి వచ్చాడు. ఈసారి గీతని దగ్గరగా చూశాడు. ఒక వేలు లోయ అడుగున పెట్టాడు.

"ఎంత ఉప్పు దగ్గర తిరిగింది, ఆ అమ్మాయికి?"

"రెండున్నర దాటాక."

"నాకూ అక్కడే." అతని ముఖంలో ఏదో కదిలింది. పాత కుర్రవాడు ఒక్క క్షణం తలుపులోంచి వంగి చూసినట్టు అనిపించింది ఉప్పక్కకి. "మళ్ళీ పలచన చేశారా?"

"చేశాం. పది నిమిషాల్లో మామూలుగా వచ్చేసింది."

"వెనక్కి వచ్చేసిందా?"

"వచ్చేసింది."

"అది నేను చూడలేదు," అన్నాడు. "మర్నాడు చెయ్యాలనుకున్నాను. నీళ్ళు కూడా కొలిచి పెట్టుకున్నాను. పొద్దున్నే వెళ్ళేసరికి గదికి వేరే తాళం వేసి ఉంది."

ఇంకో ట్యాంకరు వచ్చి ఆగింది. అతను రిజిస్టరుని తడి తగలకుండా పక్కకి జరిపి, చేతిలో ఉన్న సీసా కొళాయి కింద పెట్టాడు. నింపి, ఊపి, పారబోశాడు. మళ్ళీ నింపాడు. రెండోసారి పారబోశాక చెయ్యి ఆగింది. గోడ మీద అక్షరాల వైపు చూశాడు. డ్రైవరు హారను మోగించాడు. అతను మూడోసారి నీళ్ళు పట్టాడు, నాలుగోసారి పట్టాడు. సీసాని వెలుతురుకి ఎత్తి అటూ ఇటూ తిప్పి, ఆమె వైపు చాపాడు.

"శుభ్రంగానే ఉందంటారా అక్కా?"

ఉప్పక్క స్టూలు మీంచి లేచింది. సీసాని రెండు చేతులతో అందుకుని వెలుతురు వైపు తిరిగింది. మూతి చూసింది. మెడ చూసింది. మెల్లిగా తిప్పుతూ ఒళ్ళంతా చూసింది. వంచి అడుగు చూసింది. ఎక్కడా తొందరపడలేదు. హారను మళ్ళీ మోగినా చూస్తూనే ఉంది.

"శుభ్రంగా ఉంది," అంది. "నేను చూశాను."